తెలుగు పరిశోధనపత్రాల పిడిఎఫ్ రూపాంతరణ సాధనాలు: పాఠశుద్ధి దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:

పరిశోధనవ్యాసాలను, సిద్ధాంతగ్రంథాలను పిడిఎఫ్ రూపంలోకి మార్చి సమర్పించడం నేడు విశ్వవిద్యాలయాలలో స్థిరపడిన పద్ధతి. ఈ మార్పుకు పనికివచ్చే సాఫ్ట్‌వేర్లు అనేకం ఉన్నాయి. వాటిని ఎంచుకునేటప్పుడు ధర, సౌలభ్యం, పుట అందం అనే మూడు విషయాలనే సాధారణంగా చూస్తున్నారు. పిడిఎఫ్‌లోని తెలుగు పాఠం వెతికితే దొరుకుతుందా, నకలు తీస్తే అదే పాఠంగా వస్తుందా, అంధవిద్యార్థి వినగలుగుతాడా అన్న ప్రశ్నలు మరుగున పడుతున్నాయి. పుటను కాపాడటం, పాఠాన్ని కాపాడటం రెండు వేర్వేరు పనులని నిరూపించి, వాడుకలో ఉన్న రూపాంతరణ మార్గాలను పాఠశుద్ధి ప్రమాణంతో తూచడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పిడిఎఫ్, యూనికోడ్, తెలుగు ఫాంట్లు, పాఠశుద్ధి, సిద్ధాంతగ్రంథాలు, అందుబాటు.

1. ఉపోద్ఘాతం:

తాళపత్రాల కాలంలో గ్రంథం ఒక చేతినుంచి మరొక చేతికి మారినప్పుడల్లా లేఖకదోషాలు చేరేవి. అక్షరం జారడం, వత్తు తప్పడం, పంక్తి లోపించడం వల్ల పాఠాంతరాలు పుట్టాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) అనేక ప్రతులను సేకరించి, పండితులచేత సరిపోల్చి శుద్ధప్రతులు రాయించింది ఈ కారణంగానే. తెలుగులో పాఠపరిష్కరణ ఒక శాస్త్రంగా ఎదగడానికి మూలం లేఖకుని మీద ఉన్న ఈ సహేతుకమైన అనుమానమే.

నేటి పరిశోధనగ్రంథానికి చివరి లేఖకుడు రూపాంతరణ సాఫ్ట్‌వేర్. అది పుటను రవ్వంత చెదరకుండా చూపిస్తుంది కాబట్టి దానిపై ఎవరికీ అనుమానం కలగదు. తాళపత్రంలోని దోషం కంటికి కనబడుతుంది. పిడిఎఫ్‌లోని దోషం కంటికి కనబడదు. కనబడే అక్షరం వెనుక యంత్రం దాచుకున్న సంకేతాలలో అది ఉంటుంది. అందువల్ల ఈ లేఖకుణ్ణి పరీక్షించే పద్ధతి కూడా మారవలసి ఉంది.

2. పిడిఎఫ్ స్వభావం - పుట, పాఠం:

అడోబీ సంస్థ 1993లో విడుదల చేసిన ఈ ఫైలురూపం 2008లో ఐఎస్ఓ 32000-1 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఒక కంప్యూటర్‌లో కూర్చిన పుట మరే కంప్యూటర్‌లోనైనా, ఏ ప్రింటర్‌లోనైనా అదే రూపంతో కనబడాలన్నది దీని పుట్టుకకు కారణం. ఈ లక్ష్యాన్ని అది సంపూర్ణంగా నెరవేర్చింది. ఫాంట్‌ను ఫైలులోనే పొదగడం వల్ల చదివేవారి దగ్గర ఆ ఫాంట్ లేకపోయినా పుట చెదరదు.

అయితే పిడిఎఫ్ ప్రధానంగా దాచేది అక్షరాలను కాదు, అక్షరరూపాలను. 'ఈ ఫాంట్‌లోని ఫలానా ఆకృతిని పుటలో ఫలానా చోట ఉంచు' అన్న ఆదేశాల వరుసే పుట. ఆ ఆకృతి ఏ అక్షరానికి గుర్తు అన్నది వేరే సమాచారం. దానిని తెలపడానికి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి, ఆకృతిసంఖ్యకు యూనికోడ్ సంకేతాన్ని జతచేసే 'టుయూనికోడ్' పట్టిక. రెండు, కొన్ని ఆకృతుల సమూహానికి అసలు పాఠం ఇదని నేరుగా చెప్పే 'యాక్చువల్‌టెక్స్ట్' గుర్తింపు. ఈ రెండూ లేకపోయినా పుట చక్కగానే కనబడుతుంది, ముద్రణ సలక్షణంగానే వస్తుంది. లోపం బయటపడేది ఎవరైనా ఒక పదం కోసం వెతికినప్పుడే.

3. తెలుగు లిపిలో వచ్చే చిక్కు:

రోమన్ లిపిలో దాదాపుగా ఒక అక్షరానికి ఒక ఆకృతి, అదీ పలికే వరుసలోనే ఉంటుంది కాబట్టి పట్టిక ఒక్కటే చాలు. తెలుగులో అలా కాదు. 'స్త్రీ' అన్న పదం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పుటమీద అది గుడిదీర్ఘంతో కూడిన 'సీ', తవత్తు, రవత్తు అనే మూడు ఆకృతులుగా మారుతుంది. పలుకుబడిలో చివర వచ్చే అచ్చుగుర్తు రాతలో మొదటి హల్లుకే అంటుకుంటుంది. ఇది మన లిపి స్వభావం, దోషం కాదు.

రూపాంతరణ సాధనం ఆకృతులను వాటి వరుసలోనే తిరిగి సంకేతాలుగా మార్చితే 'స్త్రీ' కాస్తా 'సీ్త్ర' అవుతుంది. ఇదే విధంగా 'లక్ష్మి' - 'లక్షి్మ', 'శాస్త్రి' - 'శాసి్త్ర', 'విద్యార్థి' - 'విద్యారి్థ' అవుతాయి. పిడిఎఫ్‌లో కనిపించే పదం 'లక్ష్మి'యే. నకలు తీసి మరొకచోట అతికించినప్పుడు మాత్రమే వికృతరూపం దర్శనమిస్తుంది. సంయుక్తాక్షరం మీద గుడిగానీ, ఎత్వంగానీ, ఓత్వంగానీ వచ్చిన ప్రతిచోటా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తత్సమపదాలు విరివిగా వాడే పరిశోధనభాషలో ఇలాంటి చోట్లు పుటపుటనా ఉంటాయి.

దీనికి తోడు కంటికి కనబడని సంకేతాలు మరికొన్ని ఉన్నాయి. 'సాఫ్ట్‌వేర్' అన్న పదంలో పొల్లు 'ట'కారం తర్వాత 'వ'కారం వత్తుగా మారకుండా అడ్డుపడే శూన్యవిరామ సంకేతం ఒకటి ఉంటుంది. దానికి ఆకృతి లేదు. ఆకృతులను మాత్రమే లెక్కపెట్టే సాధనం దానిని జారవిడుస్తుంది. తిరిగి వచ్చే పాఠంలో ఆ పదం 'సాఫ్ట్వేర్'గా మారుతుంది. ఆంగ్లపదాలు, వ్యక్తినామాలు ఉన్న చోట్ల ఇది తరచుగా ఎదురయ్యే పాఠభేదం.

ఆకృతుల వరుసను బట్టి పాఠాన్ని ఊహించడం కంటె, సంయుక్తాక్షరానికి అసలు పాఠాన్ని పక్కనే రాసి ఉంచే రెండవ ఏర్పాటే తెలుగుకు తగినదని దీనినిబట్టి స్పష్టం. ఏ సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది, ఏది చేయదు అన్నదే తెలుగువారికి సంబంధించినంతవరకు అసలైన తూనికరాయి.

4. రూపాంతరణ మార్గాలు - గుణదోషాలు:

4.1 పూర్వపు ఫాంట్లు, పేజ్‌మేకర్:

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల జోడీ దీర్ఘకాలంగా రాజ్యమేలింది. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వెలువడింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను కూర్చినవి. తెరమీద 'అమ్మ' కనబడుతున్నా ఫైలులో ఉన్నది రోమన్ అక్షరాలు, చిహ్నాల కలగలుపు. దానిని పిడిఎఫ్‌గా మార్చితే పుట అందంగానే వస్తుంది. పాఠం మాత్రం ఏ భాషకూ చెందని అక్షరాల రాశిగా మిగులుతుంది. ఫాంట్‌ను పొదగకపోతే ఆ పుట కూడా దక్కదు.

ఈ ఫాంట్ల పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. తెలుగు అక్షరాలకు ముద్రణలో వైవిధ్యం, ఒద్దిక తెచ్చినవి ఇవి. యూనికోడ్ తెలుగు ఫాంట్లు వేళ్లమీద లెక్కపెట్టే స్థితిలో ఉన్న రోజుల్లో గ్రంథముద్రణ భారమంతా మోసినవి ఇవి. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంట్ వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా అందాయి. తరువాత సిలికానాంధ్ర ద్వారా మండలి, రామరాజ, సూరన్న వంటి ఫాంట్లు స్వేచ్ఛావినియోగానికి వచ్చాయి. కాబట్టి 'ఫాంట్లు లేవు' అన్న సమాధానం నేటి సిద్ధాంతగ్రంథానికి చెల్లదు. ఈ దశలో జరిగిన నష్టాన్ని ఏ పిడిఎఫ్ సాధనమూ పూడ్చలేదు. మూలంలో లేని పాఠాన్ని లేఖకుడు ఎక్కడినుంచి తేగలడు?

4.2 ప్రింట్ మార్గం:

పిడిఎఫ్‌క్రియేటర్, క్యూట్‌పిడిఎఫ్ వంటి ఉచితసాధనాలు కంప్యూటర్‌లో ఒక ప్రింటర్‌లా నటిస్తాయి. ఈ రెండింటికీ లోపల పనిచేసేది 1988లో మొదలైన ఘోస్ట్‌స్క్రిప్ట్. విండోస్ 10తో వచ్చిన 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పిడిఎఫ్' కూడా ప్రింటర్ రూపంలో ఉన్నదే. ఏ సాఫ్ట్‌వేర్‌నుంచైనా పనిచేయడం ఈ మార్గంలోని సుగుణం. ప్రింటర్‌కు పంపేది గీయవలసిన ఆకృతులనే కావడం దీనిలోని మౌలికలోపం. శీర్షికలు, విషయసూచిక, లంకెలు, పట్టికల నిర్మాణం వంటివి ప్రింటర్‌కు అవసరం లేదు కాబట్టి అవి దారిలోనే రాలిపోతాయి. తెలుగు సంయుక్తాక్షరాల అసలు వరుస కూడా చెదిరే అవకాశం ఇక్కడే అధికం. కాగితంమీద ముద్రించడానికి ఈ మార్గం నిరపాయం. భాండాగారంలో దాచడానికి తగదు.

4.3 మైక్రోసాఫ్ట్ వర్డ్:

2007 తరువాతి వర్డ్‌లో 'సేవ్ యాజ్' ద్వారా నేరుగా పిడిఎఫ్ తీయవచ్చు. శీర్షికలకు శైలులను వాడి ఉంటే వాటిని బుక్‌మార్కులుగా, నిర్మాణగుర్తులుగా నిలుపుకొనే వీలుంది. అందుకు 'ఆప్షన్స్'లో అందుబాటుకు సంబంధించిన నిర్మాణగుర్తుల ఎంపికను ఉంచాలి. అదే చోట ఫాంట్ పొదగడానికి అనుమతి లేకపోతే అక్షరాలను బొమ్మలుగా మార్చే ఎంపిక కూడా ఉంది. ఫాంట్ లైసెన్సు పొదుగుదలను నిషేధించిన సందర్భంలో పాఠం మొత్తం చిత్రంగా మారుతుంది; వాడేవారికి ఆ సంగతి తెలియదు. వర్డ్‌నుంచి వచ్చే తెలుగు పాఠం శుద్ధి ఫాంట్‌నుబట్టి, వర్డ్ రూపాన్నిబట్టి మారుతూ ఉంటుంది కాబట్టి పరీక్షించకుండా దీనిని నమ్మరాదు.

4.4 లిబ్రేఆఫీస్:

ఓపెన్‌ఆఫీస్ 2003లోనే పిడిఎఫ్ ఎగుమతిని చేర్చుకుంది. దానినుంచి 2010లో చీలిన లిబ్రేఆఫీస్ 5.3 రూపంతో అన్ని వేదికలమీదా హార్ఫ్‌బజ్ అనే అక్షరవిన్యాస యంత్రాన్ని స్వీకరించింది. సంయుక్తాక్షరాలకు పట్టిక చాలనిచోట అసలు పాఠాన్ని పక్కనే రాసే ఏర్పాటు దీని ఇటీవలి రూపాలలో ఉంది. తెలుగుకు ఇది కీలకమైన అనుకూలత. దీనిలో మరొక విశేషం 'హైబ్రిడ్ పిడిఎఫ్'. సవరించదగిన మూలఫైలును పిడిఎఫ్ కడుపులోనే దాచుకునే రూపం ఇది. పుట, పాఠం రెండింటినీ ఒకే ఫైలులో అప్పగించే ఈ ఏర్పాటు పరిశోధనసంస్థల దృష్టికి అంతగా రాకపోవడం విచారకరం. వర్డ్‌లో కూర్చిన ఫైలును ఇందులో తెరిచినప్పుడు పుటల అమరిక కొంత మారవచ్చు. అది సరిదిద్దుకోదగిన లోపం.

4.5 ఇన్‌డిజైన్, జీటెక్:

ఇన్‌డిజైన్ సీఎస్6 (2012) నుంచి తెలుగుతోసహా పది భారతీయ భాషల యూనికోడ్ కూర్పుకు అవకాశం ఏర్పడింది. పేజ్‌మేకర్‌కు వారసురాలైన ఈ సాఫ్ట్‌వేర్‌లో కూడా పాత ఫాంట్లనే వాడుతూ పోతే సాధనం మారినా ఫలితం మారదు. శాస్త్రగ్రంథాల కూర్పుకు పేరుపొందిన టెక్ కుటుంబంలో జీటెక్ యూనికోడ్ తెలుగును కూర్చగలదు. అసలు పాఠాన్ని పిడిఎఫ్‌లో నమోదుచేసే ఆదేశం అందులో ఉన్నా, దానంతటది పనిచేయదు. రచయిత ఆ ఆదేశాన్ని స్వయంగా ఇవ్వాలి. తెలిసినవారికి ఇది ఉత్తమసాధనం; అలవాటు లేనివారికి శ్రమ ఎక్కువ.

4.6 అంతర్జాల రూపాంతరణ సేవలు, స్కానింగ్:

ఫైలును పంపితే క్షణాలలో పిడిఎఫ్‌గా తిరిగిచ్చే సేవలు అంతర్జాలంలో కోకొల్లలు. పాఠశుద్ధి ప్రశ్న అలా ఉంచితే, ఇంకా సమర్పించని సిద్ధాంతగ్రంథాన్ని, అందులోని క్షేత్రపర్యటన సమాచారాన్ని, సమాచారదాతల వివరాలను పరాయి సర్వర్‌కు అప్పగించడం పరిశోధననీతికి సంబంధించిన విషయం. మూలంలోని తెలుగు ఫాంట్ ఆ సర్వర్‌లో లేకపోతే పుట కూడా మారుతుంది.

ముద్రించిన ప్రతిని స్కాన్ చేసి పిడిఎఫ్‌గా కూర్చడం చిట్టచివరి మార్గం. ఇందులో పాఠమే ఉండదు. బొమ్మలు మాత్రమే ఉంటాయి. పాతగ్రంథాలకు ఇది అనివార్యం. టెసరాక్ట్, గూగుల్ ఓసీఆర్ వంటివి బొమ్మనుంచి తెలుగు పాఠాన్ని రాబట్టగలుగుతున్నాయి. తెలుగు వికీసోర్స్ ఇటువంటి పాఠాన్ని మనుషుల చేత దిద్దిస్తోంది. కంప్యూటర్‌లో పుట్టిన గ్రంథాన్ని ముద్రించి, మళ్లీ స్కాన్ చేసి, మళ్లీ ఓసీఆర్‌తో పాఠం వెలికితీయడం మాత్రం చేతిలో ఉన్న వెన్నను పారబోసి మజ్జిగ చిలకడమే.

5. పరిశోధనపై ప్రభావం:

విశ్వవిద్యాలయ ధనసహాయసంఘం 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణకు బాట వేశాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధ్‌గంగలో అవి పిడిఎఫ్ రూపంలో నిల్వ అవుతున్నాయి. ఈ భాండాగారం ఆశయం పూర్వపరిశోధనను వెతికి తెలుసుకోవడం. పాఠం చెదిరిన పిడిఎఫ్ అక్కడ ఉన్నా లేనట్టే. శీర్షిక ద్వారా దొరికినా, లోపలి విషయం ద్వారా దొరకదు. ఒక జానపదప్రక్రియ పేరో, ఒక శాసనస్థలమో, ఒక కవి ప్రస్తావనో వెతికే పరిశోధకుడికి 'లేదు' అన్న సమాధానం వస్తుంది. ఆ సమాధానాన్ని నమ్మి అదే అంశంపై మరొక గ్రంథం వెలువడటం సహజపరిణామం.

రెండవ ప్రభావం మరింత తీవ్రమైనది. గ్రంథచౌర్య నివారణకు 2018లో వచ్చిన నిబంధనలు సామ్యాన్ని శాతాలలో లెక్కించి, 10 శాతం వరకు దండన లేదని, ఆపైన దశలవారీగా చర్యలని నిర్దేశించాయి. సామ్యపరీక్ష చేసే సాఫ్ట్‌వేర్ చదివేది పుటను కాదు, పాఠసంకేతాలను. అను ఫాంట్‌లో ఉన్న అధ్యాయాన్ని అది యూనికోడ్‌లో ఉన్న మూలంతో పోల్చినప్పుడు ఒకదానిలో తెలుగు, మరొకదానిలో రోమన్ అక్షరాల రాశి కనబడతాయి. రెండూ ఒకే వ్యాసమైనా సామ్యం తేలదు. నిజాయితీగా యూనికోడ్‌లో రాసిన విద్యార్థి ప్రతి వాక్యమూ పరీక్షకు లోనవుతుంది. పాత ఫాంట్‌లో దించిన గ్రంథం పరీక్షను దాటిపోతుంది. సాంకేతికమైన ఎంపిక ఇక్కడ న్యాయసంబంధమైన ప్రశ్నగా మారుతోంది. సామ్యశాతం తక్కువగా వచ్చిన తెలుగు గ్రంథాన్ని మెచ్చుకునే ముందు ఆ శాతం దేనిని లెక్కించి వచ్చిందో పర్యవేక్షకులు తెలుసుకోవడం అవసరం.

మూడవది అందుబాటు. దృష్టిలోపం ఉన్న విద్యార్థులు ఎన్‌వీడీఏ వంటి ఉచితసాధనాలతో తెలుగు పాఠాన్ని వినగలుగుతున్నారు. ఆ గొంతు చదివేది కూడా పాఠసంకేతాలనే. పాత ఫాంట్ పిడిఎఫ్‌లో అది అర్థంలేని రోమన్ అక్షరాలను పలుకుతుంది. చెదిరిన పాఠంలో 'శాస్త్రి'ని తడబడుతూ పలుకుతుంది. స్కాన్ చేసిన ఫైలులో మౌనం వహిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందుబాటు రూపంలో ఉండాలని ఆదేశిస్తోంది. తెలుగుశాఖలో చేరిన అంధవిద్యార్థికి తన శాఖలోని పూర్వసిద్ధాంతగ్రంథాలే వినబడకపోతే ఆ ఆదేశానికి అర్థం ఉండదు.

6. ప్రమాణముద్ర - దాని పరిమితి:

దీర్ఘకాలిక నిల్వకోసం 2005లో పిడిఎఫ్/ఎ ప్రమాణం (ఐఎస్ఓ 19005-1) వచ్చింది. ఫాంట్లు తప్పక పొదిగి ఉండాలన్నది దీని నియమాలలో ముఖ్యమైనది. అయితే దీనిలో స్థాయిలున్నాయి. 'బి' స్థాయి కంటికి కనబడే రూపానికి మాత్రమే హామీ ఇస్తుంది. 2011లో వచ్చిన రెండవ భాగం చేర్చిన 'యు' స్థాయి పాఠమంతటికీ యూనికోడ్ జత ఉండాలని కోరుతుంది. 'ఎ' స్థాయి దానికి నిర్మాణగుర్తులను కూడా కలుపుతుంది. అను ఫాంట్‌తో కూర్చిన పుట కూడా 'బి' స్థాయి ముద్రను సంపాదించగలదు. కాబట్టి 'పిడిఎఫ్/ఎ సమర్పించాలి' అన్న నియమం స్థాయిని పేర్కొననంతవరకు తెలుగు పాఠానికి రక్షణ కాదు. 2012లో వచ్చిన మూడవ భాగం మూలఫైలును జతచేయడానికి అనుమతిస్తుంది. హైబ్రిడ్ పద్ధతికి ఇది బలం చేకూర్చే అంశం.

7. పరీక్షించే విధానం:

సాధనం పేరునుబట్టి కాక ఫలితాన్నిబట్టి తీర్పు చెప్పడం ఉచితం. అందుకు సాంకేతికనైపుణ్యం అక్కరలేదు.

అ) పిడిఎఫ్‌లో సంయుక్తాక్షరాలు దట్టంగా ఉన్న ఒక పేరాను నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్షరం అక్షరం సరిచూడాలి. వత్తు విడిపోయినా, చుక్కల సున్న కనబడినా పాఠం చెదిరినట్టే.

ఆ) 'లక్ష్మి', 'శాస్త్రి', 'స్త్రీ', 'విద్యార్థి' వంటి పదాలలో గ్రంథంలో ఉన్నవాటిని కనీసం రెండు వేర్వేరు రీడర్లలో వెతకాలి. పాఠాన్ని రాబట్టే తీరు రీడర్‌ను బట్టి మారుతుంది.

ఇ) డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూసి అన్నీ పొదిగి ఉన్నాయని నిర్ధారించుకోవాలి.

ఈ) ఒక పుటను తెరచదువరి సాధనంతో వినాలి.

ఈ నాలుగూ పదినిమిషాల పని. ఏళ్ల తరబడి సాగిన పరిశోధన పదికాలాలు నిలవడానికి ఇది పెద్ద మూల్యం కాదు.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. పిడిఎఫ్ సహజంగా పుటను కాపాడుతుంది; పాఠాన్ని కాపాడటం సాధనంమీద, ఫాంట్‌మీద, ఎంపికలమీద ఆధారపడుతుంది.

2. తెలుగులో అచ్చుగుర్తు, వత్తుల వరుస పలుకుబడినుంచి భిన్నంగా ఉండటం వల్ల ఆకృతి-సంకేతాల పట్టిక ఒక్కటే చాలదు.

3. పాత ఫాంట్లలో కూర్చిన గ్రంథానికి రూపాంతరణ దశలో చికిత్స లేదు. కూర్పు దశలోనే యూనికోడ్ తప్పనిసరి కావాలి.

4. ప్రింట్ మార్గం కంటె నేరు ఎగుమతి మేలు. ఉచితసాధనాలలో లిబ్రేఆఫీస్, నైపుణ్యం ఉన్నవారికి జీటెక్ తెలుగుకు అనుకూలమైనవి.

5. సామ్యపరీక్ష ఫలితాన్ని ఆమోదించే ముందు పిడిఎఫ్ పాఠశుద్ధిని నిర్ధారించడం విశ్వవిద్యాలయాల బాధ్యత.

6. పిడిఎఫ్‌తోపాటు యూనికోడ్ మూలఫైలును కూడా స్వీకరించే నియమం అవసరం.

చివరి అంశం భారం పరిశోధకవిద్యార్థిమీద మాత్రమే పడకూడదు. కూర్పును డీటీపీ కేంద్రానికి అప్పగించే విద్యార్థికి ఫాంట్ ఎంపికలో స్వేచ్ఛ పరిమితం. 'పిడిఎఫ్ ఇవ్వండి' అని మాత్రమే అడిగే సంస్థకు పుట మాత్రమే అందుతుంది. పాఠం కావాలంటే పాఠాన్నే అడగాలి. ప్రతులను సరిపోల్చి తెలుగు సాహిత్యాన్ని నిలబెట్టిన పరిష్కర్తల వారసత్వాన్ని చాటుకునే తెలుగుశాఖలే ఆ అడగడం మొదలుపెట్టడం సముచితం.